ఐలమ్మ ఆకుపచ్చ చుక్క

నాచారంలో ఒక కంపెనీ ప్రహరీ గోడ పక్కనుంచి వెళ్తున్నప్పుడల్లా ఐలమ్మ కూతురు ఆశతో అనేది: "గీ గోడ లోపల మీ తాత జొన్నలు పండించిండు. గీ గోడ గూడ మీ తాతనే కట్టిండు, కూలికి." మొదటి మాటలో గర్వం ఉండేది. రెండో మాటలో ఏముండేదో చిన్నప్పుడు ఆశకు అర్థమయ్యేది కాదు. కంపెనీల కింద భూములు పోయినవాళ్ల పిల్లలకు ఆ గోడల వెనకే కూలి దొరకడం అదృష్టమని పెద్దవాళ్లంతా చెప్పారు. ఐలమ్మ నమ్మింది. నమ్మక చేసేదేముంది?

పద్దెనిమిదో ఏట ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ యూనిట్లో చేరింది. స్టెబిలైజర్లకు సర్క్యూట్ బోర్డులు తయారుచేసే చోటది. పొడవాటి బల్ల, దానికి అటూ ఇటూ పద్నాలుగు మంది ఆడవాళ్లు, ఒక్కొక్కరి ముందు ఒక భూతద్దం, ఒక సోల్డరింగ్ కడ్డీ. ఐలమ్మకు పని నేర్పింది కౌసల్యమ్మ. ఆ లైనుకు ఆవిడే పెద్ద. నోరు కటువే గానీ చెయ్యి మాత్రం బంగారం. పొగ కళ్లలోకి పోకుండా తల ఎంత వంచాలో, ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో, టంకం ఎప్పుడు మెరిసి ఎప్పుడు మసకబారుతుందో, అన్నీ వీపు మీద చరుస్తూ నేర్పింది.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. కొత్త మనిషికి పని వచ్చిందని కౌసల్యమ్మకు నమ్మకం కుదిరిన రోజున, గాజుల దుకాణంలో దొరికే గోళ్లరంగు సీసా ఒకటి తెచ్చి చేతిలో పెట్టేది. ఒక్కొక్కరిది ఒక్కో రంగు. చేసిన బోర్డును పరీక్షించి, అది పనిచేస్తుందని తేలాక, మూలన ఒక చుక్క పెట్టాలి. బోర్డు చెడిపోయి వెనక్కి వస్తే ఎవరి చెయ్యో తెలియడానికి. ఐలమ్మకు ఆకుపచ్చ వచ్చింది.

"సుక్క వెట్టినవంటే బాధ్యత నీదే, పిల్లా," అంది కౌసల్యమ్మ. "తిరిగొస్తే నువ్వే కూసుండి చెయ్యాలె. మంది మీదికి నూకొద్దు."

మిగతావాళ్లు సీసా మూతకుండే కుంచెతోనే చుక్క పెట్టేవాళ్లు. ఐలమ్మకు ఆ పెద్ద మరక నచ్చలేదు. బట్టలు కుట్టే సూది మొన రంగులో ముంచి, చిప్పుకు ఎడమవైపు పైమూలన, చీమ తలకాయంత చుక్క పెట్టేది. ఇరవై రెండేళ్లలో ఆ చుక్కతో వెనక్కి వచ్చిన బోర్డులు పదకొండు. ఆ పదకొండూ ఆమెకు గుర్తే.

తర్వాత యూనిట్ మూతపడింది. గేటు దగ్గర ఐడీ కార్డులు లాక్కున్నారు. గోళ్లరంగు సీసా సంగతి ఎవరికీ తెలియదు కాబట్టి అది ఆమె కొంగుముడిలో ఇంటికి వచ్చింది.

రెండేళ్లు ఖాళీగా కూచుంది. భర్త హనుమాండ్లు ఒక మందుల కంపెనీలో వాచ్‌మన్. అతని ఒక్క జీతం మీద ఇల్లు నడవడం కష్టమై, ఉప్పల్‌లో మెట్రో స్తంభాల పక్కనున్న ఒక కంప్యూటర్ షాపులో ఊడ్చి తుడిచే మనిషి కావాలంటే వెళ్లింది. అవును, ఊడ్చి తుడవడానికే. ఇరవై రెండేళ్ల చేతిపనికి ఈ ఊళ్లో దక్కిన గౌరవం అదీ.

షాపు యజమాని లక్ష్మీకాంత్‌ది కాకినాడ వైపు. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. నవ్వితే ఎదుటివాడు అప్పటికప్పుడు చుట్టమైపోతాడు. ఆ షాపులో అమ్మేవీ బాగుచేసేవీ ఆటలాడే కంప్యూటర్లు. ఆటల్లో కనిపించే అడవులూ యుద్ధాలూ, ఇంకా పునాదైనా తవ్వని అపార్టుమెంట్లకు బిల్డర్లు గీయించే అందమైన బొమ్మలూ, అన్నిటినీ తెర మీదికి తెచ్చేది గ్రాఫిక్స్ కార్డనే ఇటుకంత వస్తువు. మంచిదైతే మోటార్‌సైకిల్ కన్నా ఖరీదు. గంటల తరబడి కాగి కాగి, దానిలోని పెద్ద చిప్పు కింద ఉండే టంకం గుండ్లు పగుళ్లిస్తాయి. ఆవగింజ పక్కన పెడితే ఆవగింజే గుమ్మడికాయలా కనిపించేంత చిన్న గుండ్లు. అవి పగిలాయంటే తెర మీద చారలు పడతాయి, కార్డు చచ్చినట్టే. చిప్పును లేపి, పాత గుండ్లన్నీ తీసేసి, కొత్తవి పేర్చి, మళ్లీ కూచోబెట్టాలి. అది అందరికీ వచ్చే విద్య కాదు.

లక్ష్మీకాంత్‌కూ రాదు. ఐలమ్మ చేరిన మూడో రోజున అతను ఒక కార్డు మీద చెమటలు కక్కుతుంటే, చీపురు గోడకు ఆనించి ఆమె దగ్గరికి వెళ్లింది.

"సారూ, జర నాకియ్యుండ్రి."

అతను నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం లేదు, సరదా ఉంది. ఎలాగూ చచ్చిన కార్డే కదా అని ఇచ్చాడు. సాయంత్రానికి అది బతికింది. ఐలమ్మ బ్యాగులోంచి సీసా తీసి, సూది ముంచి, ఎడమవైపు పైమూలన చుక్క పెట్టింది.

"అదేంటక్కా?"

"గది నా గుర్తు సారూ. తిరిగొస్తే నేనే చెయ్యాలె."

మర్నాటి నుంచి ఊడ్వడానికి వేరే మనిషి వచ్చింది. ఐలమ్మకు కిటికీ పక్కన బల్ల, మైక్రోస్కోపు, వేడిగాలి కొట్టే యంత్రం అమరాయి. లక్ష్మీకాంత్‌కు కృతజ్ఞత లేదని ఎవరైనా అంటే అబద్ధమే. జీతం పెంచాడు, పండక్కి చీర పెట్టాడు. కాకపోతే రిపేర్లను వీడియోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టాడు.

మొదటి రోజు కెమెరా బిగించి, "అక్కా, గాజులు తీసేయండి, చప్పుడు మైకులో పడుతోంది," అన్నాడు. ముత్తయిదువ గాజులు తీయడమా అనుకుంది ఐలమ్మ. అయినా తీసి టిఫిన్ డబ్బా మూతలో పెట్టింది. రెండో రోజు నల్ల గ్లవ్స్ ఇచ్చాడు. "స్టాటిక్ కరెంటు నుంచి సేఫ్టీ అక్కా." చేతులు సన్నవి, గ్లవ్స్ నల్లవి. వీడియో మొదట్లో లక్ష్మీకాంత్ మొహం, మధ్యలో చేతులు, చివర మళ్లీ లక్ష్మీకాంత్ మొహం. చూసేవాడు ఏమనుకుంటాడు? 'అన్నా, నీ చేతుల్లో మ్యాజిక్ ఉంది' అని వందల కొద్దీ రాశారు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా!

ఇంత జరుగుతున్నా ఐలమ్మకు కోపం రాలేదు. పని దొరికింది, అది చాలనుకుంది. కష్టం వచ్చింది కూతురి వల్ల. ఆశ ఉప్పల్ కాలేజీలో బీకాం చదువుతోంది. ఆమె స్నేహితురాళ్ల అన్నదమ్ములందరూ ఈ వీడియోలు చూసేవాళ్లే. "గా చేతులు మా అమ్మవే" అని ఆశ ఒక రోజు అంటే, క్లాసంతా పడీ పడీ నవ్విందట.

"గీ గ్లవ్స్ గిట్ల ఎవలైనా ఏసుకోవచ్చే అమ్మా," అంది ఆశ ఆ సాయంత్రం, కళ్లనిండా నీళ్లతో. "ఒక్కసారి నీ మొఖం సూపియ్యమను. ఒక్కసారి నీ పేరు చెప్పమను. నేను అబద్ధాలాడే దాన్ని కాదని తెలుస్తది."

నలభై మూడేళ్ల జీవితంలో ఐలమ్మ తన పేరు ఎక్కడా రాయించుకోవాలని అనుకోలేదు. ఆ రోజు అనుకుంది. ఒకసారి పుట్టాక ఆ కోరిక మరి చావలేదు. వెళ్లి లక్ష్మీకాంత్‌ను అడిగేసింది. అడిగేటప్పుడు చెవులు వేడెక్కాయి.

"తప్పకుండా అక్కా!" అన్నాడతను. "లక్ష మంది సబ్‌స్క్రైబర్లు కానివ్వండి. ఆ రోజు మిమ్మల్ని కెమెరా ముందు కూచోబెడతా. ఒట్టు."

అప్పటికి ఇరవై వేలమంది ఉన్నారు. అప్పటినుంచి ఐలమ్మ రోజూ సాయంత్రం కూతురి ఫోన్‌లో ఆ అంకె చూసుకుని గానీ అన్నం వండేది కాదు. ముప్పై వేలు, యాభై వేలు, తొంభై వేలు.

ఈలోగా చుక్కకు పేరొచ్చింది. ఆ పచ్చచుక్క ఏమిటని ఎవరో అడిగితే, "అది నా సంతకం ఫ్రెండ్స్, అది ఉంటే గ్యారంటీ ఉన్నట్టే" అన్నాడు లక్ష్మీకాంత్. షాపు బోర్డు మీద బండిచక్రమంత ఆకుపచ్చ చుక్క వేయించాడు. షేర్ ఆటో దిగి దాన్ని మొదటిసారి చూసిన రోజు ఐలమ్మ రోడ్డు మీదే నిలబడిపోయింది. పిచ్చిది, సంతోషపడింది! ఎవరి పేరుతోనైతేనేం, నా చుక్కే గదా అనుకుంది.

పని పెరిగి నరేందర్ అనే అతన్ని పెట్టుకున్నారు. అంబర్‌పేట మనిషి, మూడు వారాల కోర్సు చేసి సర్టిఫికెట్ పట్టుకొచ్చాడు. లక్ష్మీకాంత్ అతనికీ ఒక ఆకుపచ్చ గోళ్లరంగు సీసా ఇచ్చాడు.

"నేను జెయ్యని దానికి నా సుక్క ఎట్ల వెడ్తరు సారూ?" అంది ఐలమ్మ.

"అక్కా, ఇప్పుడది మీదీ కాదు, నాదీ కాదు. షాపుది. బ్రాండ్," అన్నాడతను నవ్వుతూ.

అక్కడ గట్టిగా నిలబడాల్సింది. కౌసల్యమ్మ అయితే సీసా కిటికీలోంచి విసిరేసేది. కానీ ఆ పొద్దున అంకె తొంభై ఎనిమిది వేలకు చేరింది. లక్షకు ఇంక రెండు వేలే తక్కువ. ఇప్పుడు గొడవెందుకని ఐలమ్మ నోరు మూసుకుంది. జీవితంలో ఆమె చేసిన తప్పు ఏదైనా ఉందంటే అది ఆ ఒక్క పూట మూసుకున్న నోరే.

నెల తిరక్కుండా హరిణి కార్డు వెనక్కి వచ్చింది. హరిణి నాగారంలో ఉంటుంది. కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మలు చేయడం ఇంటర్నెట్‌లో నేర్పే మనిషి, ఆమె మాట వినేవాళ్లు లక్షల్లో ఉన్నారు. బాగుచేయించుకున్న పంతొమ్మిదో రోజున, ఒక పెద్ద పని అప్పజెప్పే ముందు, కార్డు చచ్చిపోయింది. ఆమె ఊరుకోలేదు. కార్డును కెమెరాకు దగ్గరగా పట్టుకుని, చుక్క చూపించి, "ఇదేనా మీ గ్యారంటీ?" అని నిలదీసింది. ఆ మాట న్యాయమైనదే. మూడు రోజుల్లో ఆరు లక్షల మంది చూశారు. షాపు ఫోన్ మోగుతూనే ఉంది.

కార్డు ఐలమ్మ బల్ల మీదికి వచ్చింది. మైక్రోస్కోపులో చూసిన మరుక్షణం ఆమెకు ఊపిరి తేలికపడింది. చుక్క కుడివైపు కిందమూలన ఉంది. కుంచెతో పూసిన మరక, ఒక అంచు కారింది కూడా. చిప్పు లేపి చూస్తే కింద పాత గుండ్లే, నల్లబడి పగిలి ఉన్నాయి.

"సూడుండ్రి సారూ. కింద ఒక్క గుండు గూడ మార్చలే. మీదికెళ్లి వేడి గాలి కొట్టి ఇడిసిపెట్టిన్రు. గట్ల జేస్తే ఇరవై రోజులు ఉంటది, మల్ల పోతది. గీ సుక్క నాది కాదు."

లక్ష్మీకాంత్ కంటికి అద్దం ఆనించి చాలాసేపు చూశాడు. "తెలుసక్కా," అన్నాడు మెల్లగా. "మీ చెయ్యి నాకు తెలియదా?"

నరేందర్ తల ఎత్తలేదు. ఐలమ్మ అతన్ని ఒక్క మాటా అనలేదు. చుక్క తనది కాకపోయినా తన రంగుది. తిరిగొస్తే కూచుని చేయాల్సిందే. ఆ రోజంతా నడుము ఎత్తకుండా చేసింది. గుండ్లన్నీ కొత్తవి పేర్చింది, మూడుసార్లు పరీక్షించింది. కారిన మరకను స్పిరిట్‌తో తుడిచేసి, ఎడమవైపు పైమూలన సూదితో తన చుక్క పెట్టింది.

హరిణి తిట్లు వినడానికి వచ్చినవాళ్లతో ఆ సాయంత్రమే అంకె లక్ష దాటింది.

"మాటంటే మాటే అక్కా," అన్నాడు లక్ష్మీకాంత్. "రేపు మంచి చీర కట్టుకుని రండి. గ్లవ్స్ వద్దు. గాజులు ఉండనివ్వండి."

మర్నాడు ఐలమ్మ ముదురు నీలం పట్టుచీర కట్టుకుంది. రెండు డజన్ల గాజులు వేసుకుంది. వెళ్తూ వెళ్తూ అదే గల్లీలో ఉండే కౌసల్యమ్మ ఇంటి ముందు ఆగి చెప్పింది. కౌసల్యమ్మకిప్పుడు డెబ్బై దగ్గర, చెవులు దాదాపు పోయాయి. మూడుసార్లు అరిస్తే గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఐలమ్మ రెండు చెంపలూ నిమిరి మెటికలు విరిచింది.

కెమెరా ముందు లక్ష్మీకాంత్ ఎంతో మర్యాదగా అడిగాడు. "మీ పేరు చెప్పండక్కా." "ఐలమ్మ." "ఇది హరిణిగారి కార్డు. దీని మీద ఈ చుక్క పెట్టింది ఎవరక్కా?" "నేనే వెట్టిన." "చుక్క పెడితే బాధ్యత ఎవరిది?" ఐలమ్మ నిటారుగా కూచుంది. కౌసల్యమ్మ మాటను లోకానికంతా చెప్పే అవకాశం దొరికింది. "వెట్టినోళ్లదే సారూ. మంది మీదికి నూకొద్దు."

"సూపర్ అక్కా. చాలు, మీరింక ఇంటికెళ్లండి."

సాయంత్రం ఆశ ఫోన్‌ను గోడకు ఆనించి పెట్టింది. తల్లీకూతుళ్లు పక్కపక్కన కూచున్నారు. మొదట లక్ష్మీకాంత్ ఒక్కడే కనిపించాడు, మొహం వేలాడేసుకుని. "ఫ్రెండ్స్, హరిణిగారి కార్డు విషయంలో పొరపాటు జరిగింది. మా దగ్గర పనిచేసే ఒక పెద్దావిడ చేసిన తప్పది. నేను దాచను. ఆవిడ నోటితోనే వినండి." తర్వాత ఐలమ్మ కనిపించింది, నీలం చీరలో. పేరు చెప్పింది. చుక్క నేనే పెట్టానంది. బాధ్యత పెట్టినవాళ్లదే అని తల పైకెత్తి చెప్పింది. ఆ తర్వాత మళ్లీ లక్ష్మీకాంత్. "పెద్దావిడ, చూపు మందగించింది. ఇకనుంచి ఆవిడ మన బెంచి మీద ఉండరు. కార్డు నేనే దగ్గరుండి మళ్లీ బాగుచేశాను."

కింద మాటలు వచ్చి పడుతున్నాయి. 'ఆంటీని వంట చేసుకోమనండి.' 'తప్పు చేసి పొగరు చూడు.' 'నిజం ఒప్పుకున్న అన్నకు హ్యాట్సాఫ్.'

ఆశ ఫోన్ ఆపేసింది. తర్వాత, తల్లి మొహం చూడకుండా అడిగింది: "అమ్మా, గా కార్డు నిజంగ నువ్వు జేసింది కాదు గదా?"

ఆరు లక్షల మంది తిట్టినా తట్టుకునేదేమో. ఈ ఒక్క ప్రశ్న మాత్రం గోరుచుట్టు మీద రోకటిపోటులా తగిలింది. ఐలమ్మ అంతా వివరంగా చెప్పింది, ఏ మూలన చుక్క, ఏ మూలన మరక, అన్నీ. ఆశ ఊఁ కొట్టింది. నమ్మిందో లేదో ఐలమ్మకు తెలియలేదు.

తెల్లవారాక షాపుకు వెళ్లింది. లక్ష్మీకాంత్ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. "అక్కా, నన్ను తిట్టండి, కొట్టండి. నరేందర్ పేరు చెబితే, వీడెవడు, ఇన్నాళ్లూ చేతులు నీవి కావా అని అడుగుతారు. షాపే పోతుంది. మీరైతే పెద్దవాళ్లు, ఆడమనిషి. ఆ చేతులు మీవని ఎవరూ అనుకోరు. జనం నాలుగు రోజులు తిట్టి మర్చిపోతారు. రెండు నెలలు ఇంట్లో రెస్ట్ తీసుకోండి, ఆ తర్వాత వెనక గదిలో..."

"మీరు ఒట్టు వెట్టిన్రు సారూ, నా మొఖం సూపిస్త అని."

"చూపించాను కదక్కా!" అన్నాడతను. అన్నాక తనే సిగ్గుపడ్డాడు. ఆ మాత్రం సిగ్గు అతనికి ఉంది, దాని వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

కిటికీ పక్కన బల్ల దగ్గర నరేందర్ కూచుని ఉన్నాడు. అతని చేతులకు నల్ల గ్లవ్స్, తల మీద కెమెరా. "నన్నేమనకు అక్కా, నాకూ పిల్లలున్నరు," అన్నాడు గొణుగుతూ. ఐలమ్మ అతని పక్కనుంచి తన సూది తీసుకుంది, సీసా తీసుకుంది, టిఫిన్ డబ్బా తీసుకుంది. బయటికొచ్చాక షాపు బోర్డు వైపు తల ఎత్తలేదు.

నాచారంలో ఆటో దిగి గల్లీలోకి వచ్చేసరికి నల్లా దగ్గర ఆడవాళ్లు బిందెలతో నిలబడి ఉన్నారు. అందరి ఇళ్లలోనూ ఫోన్లున్నాయి. ఆమెను చూసి మాటలు ఆపేశారు. ఒకామె బిందె నిండి పొర్లుతున్నా చూసుకోలేదు.

అరుగు మీద కూచున్న కౌసల్యమ్మ మాత్రం దూరం నుంచే చేతులు చాపింది.

"ఐలా! నిన్ను ఫోన్ల సూసిన బిడ్డా! మనుమడు వెట్టిండు. నాకు సప్పుడు ఇనరాలే గని, మస్తుగున్నవ్ పో! నీలి చీర, చేతినిండ గాజులు! గా సుక్కను గూడ దగ్గరికెళ్లి సూపెట్టిండు గాయన!" ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మనం గిన్నేండ్లు జేసినం. మన దాన్ని ఒకదాన్నన్న లోకం సూసింది. నాకు గంతే చాలు."

ఐలమ్మ టిఫిన్ డబ్బా అరుగు మీద పెట్టింది.

"ఏమన్నడే సుక్క గురించి?"

ఐలమ్మ పెదవులు కదిలాయి. కౌసల్యమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఇనవడ్తలేదు బిడ్డా. జర గట్టిగ చెప్పు."

నల్లా దగ్గర ఆడవాళ్లందరూ తలలు దించుకున్నారు. ఐలమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, ముసలామె చెవి దగ్గర వంగి, గల్లీ అంతా వినబడేలా అరిచింది.

"సుక్క నాదే అన్నడక్కా! అందరి ముంగట నాదే అని జెప్పిండు!"